పందెం కారు ఎలా ఆగుతుంది?

పిల్లలూ! మా ఇల్లు హైదరాబాదులో మలక్‌పేటలో ఉన్నది. మలక్‌పేట అనగానే మా ఊరివాళ్ళకు ముందుగా గుర్తుకు వచ్చేది గుర్రప్పందాల మైదానం. పూర్వం ఈ పందాలు మౌలాలి దగ్గర జరిగేవి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, అవి మలక్‌పేటకు మారాయి. నా చిన్నతనంలో తెల్లవారుజామున గుర్రాలకు పరుగు నేర్పుతూ ఉంటే, ఆ డెక్కల చప్పుడుకు మాకు మెలకువ వచ్చేది.

ఇప్పుడు మాకు నిద్రాభంగం కలిగించే చప్పుడు వేరు. కిందటి వేసవి సెలవుల్లో మా మనవడు మా ఇంటికి వచ్చాడు. వాడికి పధ్నాలుగేళ్ళు. ఒక రాత్రి మేము భోజనాలు ముగించి వసారాలో కూర్చుని ఉండగా, వీథిలో ఒక మోటారు సైకిలు కిటికీ తలుపులు అదిరిపోయేలాగా మోత చేస్తూ పోయింది. నేను చెవులు మూసుకున్నాను. మా మనవడు మాత్రం లేచి గేటు దాకా పరిగెత్తి చూసి వచ్చాడు.

"తాతయ్యా, అది ట్యూనింగు చేసిన బండి! సైలెన్సరు తీసేశారు. అలా తీసేస్తే బలం పెరుగుతుందట. అది నా స్నేహితుడి అన్నయ్యది. రేపు రాత్రి ఎల్.బి. నగర్ వైపు పెద్ద రోడ్డు మీద పందెం వేస్తున్నారట. నన్ను వెనక కూర్చోబెట్టుకుంటానన్నాడు," అన్నాడు వాడు. వాడి కళ్ళు మెరుస్తున్నాయి.

నేను ముప్ఫై ఆరేళ్ళు బడిలో పనిచేసినవాణ్ణి. "వద్దు" అనే మాట చెవిన పడగానే పిల్లల చెవులు మూసుకుపోతాయని నాకు బాగా తెలుసు. అందుచేత ఇలా అన్నాను: "పందెం రేపు రాత్రికి కదా! ఈలోపల, ఇంట్లో కూర్చుని పందెపు బళ్ళు తయారు చేసినవాళ్ళ సంగతి నాకు తెలిసినంత చెబుతాను. అంతా విన్నాక, వెళ్ళాలో వద్దో నువ్వే చెప్పు."

వాడు సరేనన్నాడు. ఆ రాత్రీ, మర్నాడూ వాడికి చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

గుర్రాలు లేని గుర్రపు బలం

మోటారు బలాన్ని ఈనాటికీ గుర్రాలతోనే కొలుస్తాం. ఈ కొలతను వాడుకలోకి తెచ్చినవాడు ఆవిరి యంత్రాన్ని బాగుచేసిన జేమ్స్ వాట్. అప్పట్లో మిల్లులలోనూ, గనులలోనూ గుర్రాల చేత చాకిరీ చేయించేవారు. "మీ యంత్రం ఎన్ని గుర్రాల పెట్టు?" అని కొనేవాళ్ళు అడిగేవారు. వాట్ లెక్క కట్టి ఒక కొలత నిర్ణయించాడు. మన లెక్కలో చెప్పాలంటే, సుమారు 76 కిలోల బరువును ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపగల బలం ఒక గుర్రపు బలం. విద్యుత్తు లెక్కలో అది 746 వాట్లు.

మరి పెట్రోలు ఇంజనులో ఈ బలం ఎక్కడినుంచి వస్తుంది? ఇంజనులో సిలిండరు అనే గొట్టం, అందులో పైకీ కిందికీ ఆడే పిస్టను ఉంటాయి. అది నాలుగు పనులు చేస్తుంది. మొదట గాలినీ పెట్రోలు ఆవిరినీ పీల్చుకుంటుంది. తరవాత ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కుతుంది. అప్పుడు నిప్పురవ్వ పడి మిశ్రమం భగ్గుమని మండి, పిస్టనును కిందికి తోస్తుంది. చివరకు పొగను బయటికి వదిలేస్తుంది. పీల్చటం, నొక్కటం, మండటం, వదలటం, ఇంతే! ఈ నాలుగింటిలో మూడో పనిలో మాత్రమే బలం పుడుతుంది.

ట్యూనింగు అంటే ఈ నాలుగు పనులనూ శ్రుతి చెయ్యటం. వీణకు తీగలు బిగించినట్టే. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 15 గ్రాముల గాలి కావాలి. గాలి చాలకపోతే పెట్రోలు సగం మండి నల్లటి పొగ వస్తుంది. పెట్రోలు చాలకపోతే ఇంజను వేడెక్కిపోతుంది. నిప్పురవ్వ పడే క్షణం కూడా ముఖ్యమే. మంట వ్యాపించటానికి కొంత కాలం పడుతుంది గనక, పిస్టను పైకి చేరటానికి కొంచెం ముందుగానే రవ్వ పడాలి. మరీ ముందు పడిందా, పైకి వచ్చే పిస్టనుకు మంట ఎదురు తన్నుతుంది. ఆలస్యంగా పడిందా, బలం వృథా అవుతుంది. ఉయ్యాల ఊపేటప్పుడు ఏ క్షణాన తొయ్యాలో మీకు తెలుసు కదా! ఇదీ అలాంటిదే.

"మరి సైలెన్సరు సంగతి?" అన్నాడు మా మనవడు.

పొగ బయటికి పోయే గొట్టం పొడుగూ, వెడల్పూ కూడా ఇంజనుకు తగినట్టుగా లెక్క కట్టి పెడతారు. మిగిలినవేవీ మార్చకుండా సైలెన్సరు ఒక్కటీ ఊడదీస్తే పెరిగేది మోత. బలం పెరగకపోవటమే కాదు, ఒక్కొక్కప్పుడు తగ్గుతుంది కూడా. వీణ తీగ తెంపేస్తే శ్రుతి కుదురుతుందా?

పెరటి షెడ్డులో పుట్టిన వేగం

ఇంట్లో పందెపు బళ్ళు తయారు చేసే సరదా అమెరికాలో బాగా ప్రబలింది. అక్కడ 1908 నుంచి 1927 దాకా ఫోర్డు కంపెనీ "మోడల్ టి" అనే కారును కోటిన్నరకు పైగా తయారు చేసింది. దాని బలం 20 గుర్రాలు. అవి పాతబడి చవకగా దొరకసాగినప్పుడు కాలిఫోర్నియాలోని కుర్రవాళ్ళు కొని, బరువు తగ్గించటానికి మడ్‌గార్డులూ, టాపూ ఊడదీసేవారు. ఇంజను తల భాగాన్ని అరగదీసి, మిశ్రమం మరింత గట్టిగా నొక్కుకునేలా చేసేవారు. ఒక కార్బురేటరు ఉండేచోట రెండు పెట్టేవారు. 1932లో ఫోర్డు కంపెనీ ఎనిమిది సిలిండర్లతో 65 గుర్రాల ఇంజను అమ్మకానికి తెచ్చాక వాళ్ళకు పండుగే అయింది. ఇలా ఇంట్లో పదును పెట్టిన కార్లకే తరవాత "హాట్ రాడ్" అని పేరు వచ్చింది.

కాని వాళ్ళు ఎక్కడ పందాలు వేసుకున్నారో తెలుసా? ఎండిపోయిన చెరువులలో! కాలిఫోర్నియా ఎడారిలో మురాక్ వంటి ఎండు సరస్సులు మైళ్ళ తరబడి అరచేయిలాగా చదునుగా ఉంటాయి. అక్కడ గోడలేదు, చెట్టులేదు, రోడ్డు దాటే మనిషి లేడు. 1937లో వాళ్ళంతా చేరి ఒక సంఘం పెట్టుకున్నారు. పరుగుకు ముందు ప్రతి కారునూ తనిఖీ చెయ్యాలనీ, లోపం ఉంటే పోనివ్వకూడదనీ కట్టుబాట్లు ఏర్పడ్డాయి. ఊరి వీథులలో పందాలు వేసినవాళ్ళు మాత్రం పోలీసుల చేతా, జనం చేతా చీవాట్లు తిన్నారు. ఎంతోమంది ప్రాణాలూ పోయాయి.

న్యూజిలాండులో బర్ట్ మన్రో అనే ఆయన ఉండేవాడు. ఆయన 1920లో "ఇండియన్" అనే కంపెనీవారి మోటారు సైకిలు ఒకటి కొన్నాడు. కొన్నప్పుడు అది గంటకు 90 కిలోమీటర్ల వేగం కూడా పోయేది కాదు. ఆయన ధనవంతుడు కాడు. తన షెడ్డులోనే లోహం కరిగించి, పాత డబ్బాలలో పోత పోసి పిస్టన్లు చేసుకున్నాడు. అవి పగిలిపోయేవి. ఎందుకు పగిలాయో చూసి మళ్ళీ చేసేవాడు. ఇలా నలభై ఏళ్ళకు పైగా శ్రమపడ్డాడు. 1967లో, తనకు 68వ ఏట, అమెరికాలోని బానవిల్ ఉప్పు మైదానం మీద అదే పాత బండిని గంటకు సుమారు 295 కిలోమీటర్ల వేగంతో నడిపి, వెయ్యి సి.సి. లోపు బళ్ళలో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు.

"అరవై ఎనిమిదేళ్ళా? అంటే నీ యీడువాడేనా, తాతయ్యా!" అని మా మనవడు నన్ను ఎగాదిగా చూశాడు.

మనవాళ్ళు తక్కువవాళ్ళా?

పిల్లలూ, ఈ విద్య మనవాళ్ళకూ కొత్త కాదు. కోయంబత్తూరు ప్రాంతంలో ఎన్నో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అలాంటి కుటుంబంలోనే 1893లో జి.డి. నాయుడు పుట్టాడు. బడి చదువు ఆయనకు వంటబట్టలేదు. ఒకనాడు ఒక దొర మోటారు సైకిలు మీద పోతూ ఉండగా చూశాడు. గుర్రమూ లేదు, ఎద్దూ లేదు. బండి ఎలా నడుస్తున్నది? ఆ ప్రశ్న ఆయనను వదలలేదు. కోయంబత్తూరులో ఒక హోటలులో పనికి కుదిరి, డబ్బు కూడబెట్టి, మూడు వందల రూపాయలకు ఆ బండినే కొన్నాడు. కొని షికారు కొట్టాడా? లేదు! మర మర విడదీసి, మళ్ళీ బిగించాడు. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చికీ పళనికీ మధ్య తానే నడిపాడు. తరవాతి కాలంలో ఆయన గొప్ప పారిశ్రామికుడై, ఎన్నో యంత్రాలు కనిపెట్టాడు.

అదే కోయంబత్తూరులో, లక్ష్మీ మిల్లు స్థాపించిన కుప్పుస్వామి నాయుడుగారి వంశంలో 1954లో కరివర్ధన్ పుట్టాడు. అప్పట్లో కారు పందాలు మద్రాసుకు ఉత్తరాన షోలవరంలో జరిగేవి. అక్కడ ఉన్నది యుద్ధకాలంలో వేసిన విమానాల బాట. విదేశాలనుంచి పందెం కార్లు తెప్పించుకోవటం కొద్దిమందికే సాధ్యం. మిగిలినవాళ్ళు మన దేశంలో తిరిగే ఫియట్, హెరాల్డ్ కార్ల భాగాలతోనే తమ షెడ్లలో పందెం కార్లు కట్టుకునేవారు. కరివర్ధన్ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. మనందరికీ తెలిసిన మారుతీ 800 కారు ఇంజను తీసుకుని, ఇనుప గొట్టాలతో తేలికపాటి చట్రం కట్టి, 1988లో "ఫార్ములా మారుతి" కారును బయటికి తెచ్చాడు. ఆ ఇంజను బలం నలభై గుర్రాల లోపే. కాని అందరి కార్లూ ఒకే రకం గనక, డబ్బున్నవాడు కాక నేర్పున్నవాడు గెలిచేవాడు. ఆ కార్లలో నడక నేర్చుకున్న నరేన్ కార్తికేయన్ 2005లో, ప్రపంచంలోకెల్లా పెద్ద పందాలయిన ఫార్ములా వన్‌లో పాల్గొన్న మొదటి భారతీయుడయ్యాడు.

అంత దూరం ఎందుకు? మా హైదరాబాదులోనే, జంతు ప్రదర్శనశాలకు సమీపంలో బహదూర్‌పురాలో "సుధా కార్స్" అనే మ్యూజియం ఉన్నది. కె. సుధాకర్ అనే హైదరాబాదీ బడిలో చదివేనాటినుంచే పాత ఇనుము ఏరి బళ్ళు చెయ్యటం మొదలుపెట్టాడు. వంకాయ కారు, క్రికెట్ బంతి కారు, బూటు కారు, క్యామెరా కారు, ఇలా ఆయన చేసిన వింత కార్లెన్నో అక్కడ ఉన్నాయి. బొమ్మలు కావు సుమా, నడిచే కార్లే! 2005లో ఆయన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున మూడు చక్రాల సైకిలు చేసి, తొక్కి చూపించి, గిన్నిస్ రికార్డు సంపాదించాడు.

ఇదంతా విని మా మనవడు, "తాతయ్యా, నువ్వు ఎప్పుడైనా పందెపు బండి చేశావా?" అని అడిగాడు.

నేను కొంతసేపు మాట్లాడలేదు. ఆ ప్రశ్న వాడు అడుగుతాడని నాకు తెలుసు. జవాబు చెప్పటం తేలిక కాదనీ తెలుసు.

మా బేరింగుల బండి

చేశాను. 1972లో, నాకు పన్నెండో ఏట.

ఆ రోజుల్లో లారీలు బాగుచేసే షెడ్లలో అరిగిపోయిన బాల్ బేరింగులు పారేసేవారు. మేము వాటిని అడిగి తెచ్చుకునేవాళ్ళం. వెడల్పాటి పలక ఒకటి, అడ్డంగా రెండు కర్రలు, వాటి కొసలకు నాలుగు బేరింగులు. ముందు కర్రను ఒక్క బోల్టు మీద తిరిగేటట్టు బిగించి, రెండు కొసలకూ తాడు కడితే అదే పగ్గం. పక్కన పొట్టి చెక్క ఒకటి మేకు మీద ఆడుతూ ఉండేది. దాన్ని లాగితే కింది కొస నేలకు రాసుకుని బండి ఆగేది. అదే బ్రేకు.

మలక్‌పేటలో ఆస్మాన్‌గఢ్ అనే గుట్ట ఉన్నది. దాని మీద, నిజాం దగ్గర ప్రధానిగా చేసిన ఆస్మాన్ జా కట్టించిన చిన్న కోటలాంటి మేడ ఉన్నది. ఆ చుట్టుపక్కల వీథులు వాలుగా ఉండేవి. అక్కడ మాకూ, పక్క పేట పిల్లలకూ పందెం పడింది.

నేను బండిని ట్యూనింగు చేశాను. అప్పుడు ఆ మాట తెలియదు గాని, చేసింది అదే. బేరింగులను కిరసనాయిలుతో కడిగి, చిక్కటి గ్రీజు బదులు కుట్టుమిషను నూనె వేశాను. చక్రాలు గిర్రున తిరిగాయి. పలక అంచులు కోసి బరువు తగ్గించాను. అంతటితో ఊరుకోలేదు. బ్రేకు చెక్క అప్పుడప్పుడూ నేలకు తగిలి వేగం చంపుతున్నదని, దాన్ని కూడా ఊడదీశాను.

పందెం నాడు బండి మీద బోర్లా పడుకున్నది మా తమ్ముడు. వాడికి ఎనిమిదేళ్ళు. చిన్నవాడు గనక గాలి తక్కువ తగులుతుందని నేనే వాణ్ణి ఒప్పించాను. మేము గెలిచాం. గెలుపు గీత దాటాక కూడా బండి ఆగలేదు. సందులోనుంచి పాల సైకిలు ఒకటి అడ్డం వచ్చింది. వాడు పగ్గం పక్కకు లాగాడు. బండి వెళ్ళి రాళ్ళగుట్టను కొట్టుకున్నది.

వాడి ఎడమ మోచెయ్యి రెండుచోట్ల విరిగింది. ఆసుపత్రినుంచి వచ్చాక మా నాన్న నన్ను పిలిచాడు. కొడతాడనుకుని వణుకుతూ వెళ్ళాను. ఆయన కొట్టలేదు. "బండి ఎంత వేగంగా పోతుందో చూసుకున్నావు. ఎంత దూరంలో ఆగుతుందో చూసుకున్నావా?" అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

"చిన్న తాతయ్య చెయ్యి పూర్తిగా చాచలేడు కదా... అందుకేనా?" అన్నాడు మా మనవడు మెల్లగా.

"అందుకే," అన్నాను.

ఎంత దూరంలో ఆగుతుంది?

పిల్లలూ, మా నాన్న అడిగిన ప్రశ్నకు జవాబు మీరు ఇంట్లోనే కనుక్కోవచ్చు. ఒక బొమ్మ కారు, ఒక నున్నటి పలక, కాగితపు గ్లాసు తీసుకోండి. గ్లాసును నిలువునా సగానికి కోసి, కారు లోపలికి దూరేటట్టు పలక చివర నేల మీద బోర్లించండి. పలక రెండో కొసను 5 సెంటీమీటర్ల ఎత్తున పెట్టి కారును వదలండి. కారు గ్లాసులో దూరి, దాన్ని కొంత దూరం నెట్టి ఆగుతుంది. ఆ దూరం కొలవండి. ఇప్పుడు ఎత్తు 20 సెంటీమీటర్లు చేసి మళ్ళీ వదలండి. ఎత్తు నాలుగింతలు చేస్తే కారు వేగం రెండింతలు అవుతుంది. మరి గ్లాసు జరిగిన దూరం? అది రెండింతలు కాదు, సుమారు నాలుగింతలు ఉంటుంది!

కదిలే వస్తువులో దాగిన శక్తి దాని వేగం పెరిగినట్టు పెరగదు. వేగాన్ని వేగంతో హెచ్చవేసినట్టు పెరుగుతుంది. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. బ్రేకు చేసే పని ఆ శక్తినంతా వేడిగా మార్చటం.

ఇక రోడ్డు మీది లెక్క చూడండి. మంచి టైర్లు, మంచి బ్రేకులు, పొడి రోడ్డు ఉన్నాయనుకుందాం. అడ్డం వచ్చినదాన్ని చూసి బ్రేకు నొక్కటానికి ఒక సెకను పడుతుందనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనులో బండి 8 మీటర్లు పోతుంది; బ్రేకు పడ్డాక ఇంకో 5 మీటర్లు. మొత్తం 13. వేగం 60 అయితే 17 మీటర్లు, 20 మీటర్లు, మొత్తం 37. వేగం 90 అయితే 25 మీటర్లు, 45 మీటర్లు, మొత్తం 70. రాత్రివేళ బండి దీపం వెలుగులో డెబ్భై మీటర్ల అవతల రోడ్డు దాటే ముసలమ్మ కనిపిస్తుందా?

మా మనవడు ఈ లెక్కను నోటుబుక్కులో తానే మరొకసారి వేసుకుని చూశాడు. తప్పు దొరకలేదు.

ముందు బ్రేకు, తరవాత పరుగు

నిజమైన పందెగాళ్ళు ఈ సంగతి ఎన్నడూ మరిచిపోరు. మన దేశంలో ఇంజనీరింగు విద్యార్థులు తాము స్వయంగా కట్టిన కార్లతో పోటీ పడే "బాహా" పందాలు 2007 నుంచి జరుగుతున్నాయి. అందులో కారు పరుగుకు ముందు బ్రేకు పరీక్ష ఉంటుంది. కారును కొంత వేగంతో నడిపి బ్రేకు నొక్కితే నాలుగు చక్రాలూ బిగుసుకుపోవాలి. ఆ పరీక్షలో నెగ్గని కారు ఎంత గొప్పదైనా పందెంలోకి దిగటానికి వీలులేదు.

2023 ఫిబ్రవరి 11న మా హైదరాబాదులోనే హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్తు కార్ల ప్రపంచ పందెం జరిగింది. దాన్ని ఫార్ములా ఇ అంటారు. 2.83 కిలోమీటర్ల బాట చుట్టూ గోడలు పెట్టి, జనాన్ని అవతల నిలిపి, ఆ తరవాతే కార్లను వదిలారు. జాన్ ఎరిక్ వెర్న్ అనే ఫ్రెంచి దేశస్థుడు గెలిచాడు. ఆ కార్ల సంగతి ఒకటి వింటే మీరు ఆశ్చర్యపోతారు. వాటి మోటారు కారును ముందుకు తోసే బలం అత్యధికంగా 350 కిలోవాట్లు. అంటే సుమారు 470 గుర్రాలు! కాని బ్రేకు వేసినప్పుడు వాటి మోటార్లే డైనమోలుగా మారి, కారును ఆపుతూ ఆ శక్తిని విద్యుత్తుగా బ్యాటరీకి తిరిగి పంపిస్తాయి. ఆ ఆపే బలం 600 కిలోవాట్లు, అంటే ఎనిమిది వందల గుర్రాలు. చూశారా! పరుగెత్తించే గుర్రాలకంటె ఆపే గుర్రాలే ఎక్కువ.

ఇక్కడ తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం బండిని కంపెనీ తయారుచేసిన తీరునుంచి ఇష్టం వచ్చినట్టు మార్చటమూ, అనుమతి లేకుండా రోడ్డు మీద పందాలు వెయ్యటమూ నేరం. 2019లో చేసిన సవరణ ప్రకారం, మైనరు పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే పెద్దలకు మూడేళ్ళ దాకా జైలూ, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. కాని నేను చెప్పేది జరిమానాకు భయపడమని కాదు. పిల్లవాడు మరలు విప్పుతున్నాడంటే వాడిలో ఒక ప్రశ్న పుట్టిందన్నమాట. వాడిని కసరకండి. పాత సైకిలో, చెడిపోయిన ఫ్యానో ఇచ్చి, పక్కన కూర్చుని విప్పనివ్వండి. మళ్ళీ బిగించేదాకా లేవనివ్వకండి.

మర్నాడు రాత్రి ఏమయిందో చెప్పలేదు కదూ! తొమ్మిదింటికి మోత చేస్తూ మోటారు సైకిలు మా గేటు ముందు ఆగింది. మా మనవడు బయటికి వెళ్ళాడు. నేను వసారాలోనే కూర్చున్నాను.

"అన్నా, నీ బండి అరవైలో పోతుంటే ఎంత దూరంలో ఆగుతుంది?" అని అడగటం వినిపించింది.

"అదేం ప్రశ్న? బ్రేకు కొడితే ఆగుతుంది," అన్నాడతను.

"ఎన్ని మీటర్లలో?"

అతను నవ్వాడు గాని జవాబు చెప్పలేదు. "అయితే నేను రాను," అని మా మనవడు లోపలికి వచ్చేశాడు. నేను వాణ్ణి మెచ్చుకోలేదు. మంచినీళ్ళు తాగుతావా అని మాత్రం అడిగాను.

ఆ ఆదివారం వాణ్ణి వెంటబెట్టుకుని మా తమ్ముడి ఇంటికి వెళ్ళాను. వాడు జీవితమంతా లేతు మిషను మీద పనిచేసి, ఇప్పుడు విశ్రాంతిగా ఉంటున్నాడు. పెరట్లో చిన్న షెడ్డు ఉన్నది. "చిన్న తాతయ్యా, మనం బేరింగుల బండి చేద్దామా?" అని మనవడు అడిగేసరికి నా గుండె గుబుక్కుమన్నది. మా తమ్ముడు మాత్రం నా వంక చూసి నవ్వి, రేకు డబ్బాలోనుంచి నాలుగు బేరింగులు తీశాడు.

మూడు రోజులు పట్టింది. మనవడు పలక కోశాడు, బేరింగులు కడిగాడు, నూనె వేశాడు. అన్నిటికంటె ముందుగా మా తమ్ముడు, పూర్తిగా చాపలేని ఆ చేత్తోనే, ఒక పొట్టి చెక్కను పట్టుకుని, దాని కొసకు పాత టైరు ముక్క బిగించాడు. బండిని ఒక బడి ఆవరణలో, గేటు మూసి, తలకు హెల్మెట్టు పెట్టి వదిలాం. మొదటిసారి పరుగు కొలవలేదు. సుద్దముక్కతో గీత గీసి, ఆ గీత దగ్గర బ్రేకు లాగమన్నాం.

బండి ఆగాక మా మనవడు దిగి, టేపు పట్టుకుని వెనక్కు నడిచాడు.

"తాతయ్యా! రెండు మీటర్ల పది సెంటీమీటర్లు!" అని కేక వేశాడు.

యాభై ఏళ్ళ కిందట మా నాన్న అడిగిన ప్రశ్నకు జవాబు ఆ రోజున దొరికింది.